విరుదునగర్‌లో చెప్పిన కథ

సెల్వలక్ష్మి ఎవరినీ తిట్టి పని చేయించిన మనిషి కాదు. కోవిల్‌పట్టిలో వేరుశనగ మిఠాయి చేసే ఒక షెడ్డులో ఇరవై ఇద్దరు ఆడవాళ్ల మీద ఆమె సూపర్‌వైజరు. పొద్దున బెల్లం పాకం ముదిరేలోగా పావుగంట తీరిక దొరుకుతుంది. ఆ పావుగంటలో ఒక కథ చెప్పేది. రోజూ ఆలస్యంగా వచ్చే మునీశ్వరిని పేరుపెట్టి ఒక్క మాట అనకుండా, ఎండెక్కాక కూసే కోడిపుంజు కథ చెప్పింది. అందరికంటే గట్టిగా నవ్వింది మునీశ్వరే. మర్నాడు ఏడున్నరకల్లా చేతులు కడుక్కుని నిలబడింది.

కథలన్నీ తమిళంలోనే. షెడ్డులో రకరకాల జనం ఉంటారు కదా, తమిళనాట ఆమెకు తెలుగు ఇంటి మాట. ఇల్లు దాటాక ఆమె తెలుగు మాట్లాడేది ఒక్క పొన్నుతాయితోనే, అదీ బస్సులో. ఇద్దరిదీ విళాత్తికుళం దారిలో ఒకే పల్లె. పదకొండేళ్లుగా పక్కపక్క సీట్లు.

పొన్నుతాయి పని పెట్టెలకు లేబుళ్లు అంటించడం. ఒకసారి నువ్వుల మిఠాయి పెట్టెలన్నిటికీ వేరుశనగ లేబుళ్లు పడ్డాయి, సరుకంతా తిరిగొచ్చింది. ఆ సాయంత్రం బస్సులో ఆమె కిటికీ వైపు తిరిగి మెల్లగా చెప్పింది.

"నాకు సదవను రాదక్కా. అచ్చరాల వాటం సూసి అంటిస్తా. మా సంగవికి తెలీదు. ఎనిమిది దాకా సదివినానని దానికి సెప్పుండాను. అది పాటం సదివేటప్పుడు పుస్తకం పట్టుకోని పక్కన కూకుంటా. తప్పు సదివితే అమ్మ కనుక్కుంటాదని దానికి బయిం. ఆ బయింతోనే సదువుతా ఉండాది."

సంగవి ఆమె ఒక్కగానొక్క కూతురు, అప్పుడు పదో తరగతి. మర్నాడు సెల్వలక్ష్మి లేబుళ్ల కట్టలకు దారాలు కట్టించింది, వేరుశనగకు పసుపు, నువ్వులకు నలుపు. ఎందుకని ఎవరడిగినా చెప్పలేదు. అంత మంచి పని చేసిన మనిషి అక్కడితో ఊరుకుని ఉంటే బాగుండేది.

మూడేళ్లు గడిచాయి. సంగవి కాలేజీలో చేరింది. పోయిన నెల విరుదునగర్‌లో చిన్న కంపెనీల వాళ్లంతా కలిసి, పనివాళ్లతో మనసెరిగి మాట్లాడటం ఎలాగో తెలిపే సభ పెట్టారు. యజమాని శివరామన్ ఆమెను పంపాడు. "నీ కథల్లో ఒకటి చెప్పి రామ్మా, చాలు," అన్నాడు.

ఏసీ హాలు, రెండు వందల కుర్చీలు. ముందు మాట్లాడిన బూట్ల పెద్దమనుషులు తెర మీద అక్షరాలు చూపిస్తూ జనాన్ని జోకొట్టారు. కోడిపుంజు కథ చెబుదామనే సెల్వలక్ష్మి మైకు దగ్గరికి వెళ్లింది. ఆ ముఖాలు చూశాక కోడిపుంజు మరీ చిన్నదైపోయింది. నోరు జారింది. నిజానికి జారలేదు, ఆమే జార్చింది. పేరు మార్చి లేబుళ్ల సంగతి ఎత్తుకుంది. చదువు రాని తల్లి పుస్తకం తలకిందులుగా పట్టుకుని ఎలా తలాడించేదో చేతులతో చూపించింది. హాలంతా ఘొల్లున నవ్వింది. ఆ తర్వాత రంగు దారాల మాట చెబితే అందరూ కళ్లు తుడుచుకున్నారు, లేచి చప్పట్లు కొట్టారు. శాలువా కప్పారు. తిరుగు బస్సులో ఆ శాలువాను మడత పెట్టకుండా ఒళ్లో పరుచుకుని కూర్చుంది, పక్కవాళ్లకు కనబడాలి కదా.

ఎవరో వీడియో తీశారు. రెండు రోజుల్లో అది షెడ్డులో అందరి ఫోన్లలోకీ వచ్చింది. పేరు మారిస్తే ఏం లాభం, దారాలు మేజా మీదే ఉన్నాయి. సంగవికి కూడా ఎవరో స్నేహితురాలు పంపింది.

సోమవారం పొన్నుతాయి పనికి రాలేదు. లేబుళ్ల మేజా దగ్గర ఖాళీ స్టూలు చూసేసరికి సెల్వలక్ష్మికి తల కొట్టేసినట్టయింది. సాయంత్రం బస్సు దిగి నేరుగా వాళ్లింటికి వెళ్లింది. గుమ్మంలో సంగవి ఉంది. లోపలికి రమ్మనలేదు.

"పెద్దమ్మా, మాయమ్మ ఎప్పుడూ పుస్తకం తలకిందులుగా పట్టుకోలే. పేజీ పేజీకీ బొమ్మ వెతుక్కోని, సరిగ్గా పట్టుకునేది. అది నువ్వు ఎందుకు కలిపితివి?"

సెల్వలక్ష్మి నవ్వు కోసం కలిపింది. ఇన్నేళ్లలో మొదటిసారి ఒక కాలేజీ పిల్ల ముందు చూపు నేల మీద పెట్టుకుని నిలబడింది.

లోపల్నుంచి పొన్నుతాయి వచ్చింది. ఏడ్చిన ముఖం కాదు, అలిసిన ముఖం.

"తప్పైపోయె పొన్నూ," అంది సెల్వలక్ష్మి. "రేపు పొద్దున అందరి ముందర నిలబడి నా తప్పు నేనే సెప్తా. ఎట్ల జరిగిందో మొదటినుంచి..."

"దాన్నీ కత సేసేస్తావా అక్కా?"

నిజమే, సెల్వలక్ష్మి దారిపొడుగునా ఎక్కడ మొదలుపెట్టాలా, ఎక్కడ గొంతు తగ్గించాలా అనే ఆలోచిస్తూ వచ్చింది. అది తెలిసొచ్చాక కలిగిన సిగ్గు ముందటి సిగ్గుకంటే పెద్దది.

"నీకు నేను తెలుగులో సెప్పినాను," అంది పొన్నుతాయి. "తెలుగులో సెప్పింది ఇంట్లోనే ఉంటాదనుకొన్నాను."

గురువారం పొన్నుతాయి పనికి వచ్చింది. పాకం ఉడికే పావుగంట ఆ షెడ్డులో గరిట చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు. మునీశ్వరి ఒకసారి తలెత్తి చూసి మళ్లీ దించుకుంది. పసుపు దారాన్నీ నల్ల దారాన్నీ పొన్నుతాయే విప్పి చెత్తబుట్టలో వేసింది.

సాయంత్రం కోవిల్‌పట్టి బస్టాండులో ఇద్దరూ నాలుగడుగుల దూరంలో నిలబడ్డారు. ఇప్పుడు బస్సులన్నిటికీ ఒకే రంగు, బోర్డు చదివితేనే తేడా తెలిసేది. అందుకే బస్సు మలుపు తిరగగానే, "మనది వచ్చె పొన్నూ," అని తనలో తను అనుకున్నట్టు అనడం సెల్వలక్ష్మికి అలవాటు. పొన్నుతాయి ఎన్నడూ అడగాల్సిన పని పడలేదు.

బస్సు వచ్చింది. సెల్వలక్ష్మి పెదవి కదిపింది.

ఈలోగా పొన్నుతాయి ముందుకు నడిచి, మిరపకాయల మూట పెట్టుకుని నిలబడ్డ ఎవరో మనిషిని, చుట్టూ ఉన్న వాళ్లందరికీ వినబడేలా తమిళంలో అడిగింది.

"అన్నా, నాకు చదవడం రాదు. ఇది విళాత్తికుళం బస్సేనా?"

అతను అవునన్నాడు. ఆమె ఎక్కి కూర్చుంది. పక్క సీటు ఖాళీగానే ఉంది. ఆ బస్సు ఎక్కే ముఖం లేక, సెల్వలక్ష్మి అది కదిలి వెళ్లేదాకా స్తంభం చాటున నిలబడింది.