లంకలో నా సైకిలు వెనక కూర్చున్నది

దయ్యాలంటే నాకు నవ్వొచ్చేది. గుంటూరు బ్రాడీపేటలో ఒక క్లినిక్‌లో రిసెప్షన్‌లో పనిచేస్తాను. పోయినవాళ్ళను స్ట్రెచర్ మీద నా బల్ల పక్కనుంచే తీసుకెళ్తారు. వాళ్ళలో ఒక్కరూ తిరిగొచ్చి నన్ను టోకెన్ అడగలేదు. అందుకే ఎవరైనా అలాంటి కబుర్లు మొదలుపెడితే "చాల్లే, పని చూసుకో" అనేదాన్ని. నాకు నోరెక్కువ, భయం తక్కువ అని మా వాళ్ళంతా అంటారు. నోరు ఇప్పటికీ అలాగే ఉంది. భయం సంగతే చెప్పాలి.

ఇది పోయిన మిరపకోతలప్పుడు జరిగింది. మా చెల్లెల్ని పర్చూరు దగ్గర పల్లెలో ఇచ్చారు. కోతల రోజుల్లో మొగుడూ పెళ్ళాం ఇద్దరూ కల్లం దగ్గరే పడి ఉంటారు. వాళ్ళ కూతురు బిందుకి ఏడేళ్ళు. కల్లంలో ఆ ఘాటుకి పిల్లకి దగ్గు ఆగడం లేదని, బడి పోతే పోయిందని, కొన్నాళ్ళు మా ఇంట్లో దించింది. పెళ్ళయిన ఎన్నో ఏళ్ళకి, ఎక్కని ఆస్పత్రి మెట్లు లేకుండా ఎక్కితే పుట్టిన పిల్ల. మాకైతే ఆ యోగం కూడా లేదు. రెండిళ్ళకీ కలిపి బిందు ఒక్కతే.

బస్సెక్కుతూ చెల్లెలు నా చెయ్యి పట్టుకుంది. "అక్కా, దాన్ని నీ చేతుల్లో పెడుతున్నా" అంది. "నీ పిల్లనేమన్నా కొరుక్కు తింటానా, పోవే" అన్నాను.

బిందుకి పడవెక్కాలని ఒకటే గోల. కృష్ణానది మధ్యలో ఒక లంక ఉంది, అరటితోటలూ పసుపుతోటలూ చాలా బాగుంటాయని మా ఆయన ఆఫీసులో ఎవరో చెప్పారు. ఒక ఆదివారం ముగ్గురం బయల్దేరాం. ఆ లంక పేరు రాయను. అక్కడి మనుషులు మంచివాళ్ళు, వాళ్ళ ఊరికి చెడ్డపేరు తేవడం నాకిష్టం లేదు.

పడవ దిగగానే రేవులో ఒక టీకొట్టు. నడిపే ఆవిడ పేరు రత్తమ్మ. లంక చూడ్డానికొచ్చే వాళ్ళకి సైకిళ్ళు అద్దెకిస్తుంది. మా ఆయనకి ఒకటి, బుట్ట ఉన్న లేడీస్ సైకిలు నాకు. మా ఆయన సైకిలు వెనక క్యారేజీకి ఒక ఇటుక కట్టి ఉంది. నా వెనక బిందు కూర్చుంటుంది కాబట్టి నా ఇటుక తీసి ముందు బుట్టలో పెట్టింది.

"వెనకాల మనిషన్నా ఉండాల, బరువన్నా ఉండాలమ్మా. పాప దిగితే ఇటుక పెట్టుకోండి. ఖాళీగా మాత్రం తీసుకెళ్ళమాకండి" అంది.

ఇసుకలో వెనక చక్రం జారకుండా అనుకున్నాను. ఎవరైనా అలాగే అనుకుంటారు. లంకలో సైకిలు తొక్కే వాళ్ళందరి వెనకా ఏదో ఒకటి ఉంది. గడ్డిమోపో, అరటిగెలో, ఏమీ లేకపోతే ఇటుకో. అది చూసి కూడా నాకేమీ అనిపించలేదు.

పొద్దంతా హాయిగా గడిచింది. అరటితోట నీడలో పులిహోర తిన్నాం. పడవలో గాలికి బిందు జుట్టంతా రేగిపోయింది. "పెద్దమ్మా, జడ వెయ్యవా" అని ప్రాణం తీసింది. దువ్వెన తేలేదు, చేతులకి నూనె. "ఇంటికెళ్ళాక వేస్తా, నోర్మూసుకుని తిను" అన్నాను. బుట్టలో ఇటుక వల్ల హ్యాండిల్ ఒకవైపుకి లాగుతోందని, దాన్ని తీసి తోటగట్టు మీద పడేశాను.

సాయంత్రం పడవ వెళ్ళిపోతే మళ్ళీ మర్నాడే. పడవ ఆపడానికి మా ఆయన ముందు వెళ్ళాడు. ఇంకా ఎండ బాగానే ఉంది. చీకటి పడ్డాక జరిగింది కాదు ఇది, నేను పొరబడ్డానని ఎవరూ అనకుండా చెబుతున్నాను.

దారిలో ఒకచోట ఇసుక మేట వేసి ఉంది. బిందుని దించి సైకిలు నడిపించుకుంటూ ఆ మేట దాటాను. పిల్ల నా వెనకే నడిచింది. గట్టినేల రాగానే సీటెక్కి, "ఎక్కవే తొందరగా, పెదనాన్న కేకలేస్తాడు" అన్నాను. సైకిలు వెనక్కి కుంగింది. రెండు చిన్న చేతులు నా నడుము చుట్టూ పట్టుకున్నాయి. తొక్కడం మొదలుపెట్టాను.

దారంతా తిడుతూనే ఉన్నాను. కాళ్ళు చక్రంలో పెట్టకు, సరిగ్గా కూర్చో, రేపు మీ అమ్మ ఫోన్ చేస్తే నీ సంగతి చెబుతా అని. ప్రతిదానికీ వెనకనుంచి "ఊఁ" అని వినిపించింది. బిందు ఊఁ అని ఊరుకునే రకం కాదు. ఒక మాటంటే పది ప్రశ్నలేస్తుంది. అలిగిందనుకున్నాను. చేతులు బాగా చల్లగా ఉన్నాయి. నదిగాలికి చల్లబడ్డాయనుకున్నాను.

రేవు కనబడింది. మా ఆయన పడవ పక్కన నిలబడి ఉన్నాడు. నన్ను చూసి నవ్వబోయి ఆగిపోయాడు.

"బిందు ఏదే?"

"కళ్ళు కనపడ్డం లేదా?" అని కసురుతూ వెనక్కి తిరిగాను.

ఖాళీ. చేతులు ఎప్పుడు వదిలాయో తెలియదు. బరువు ఎప్పుడు పోయిందో తెలియదు.

రత్తమ్మ కొట్లోంచి బయటికొచ్చింది. ముందు బుట్టలోకి చూసింది, వెనక క్యారేజీ చూసింది. "ఇటుకేదమ్మా?" అని మాత్రం అడిగింది. నేను పడేశానన్నాను. ఆవిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

ఒకవైపు తోటలు, ఇంకోవైపు నది. పిల్లకి ఈత రాదు. నీళ్ళంటే పడి చచ్చేది. మా ఆయన సైకిలు మీద ముందు, నేను చెప్పులు ఎక్కడో వదిలేసి ఆయన వెనక పరుగు. బిందూ, బిందూ అని దారంతా అరుస్తూనే ఉన్నాను. చెల్లెలికి ఏమని చెప్పను? ఏ మొహం పెట్టుకుని పర్చూరు బస్సెక్కను? ప్రభువా, ఈ ఒక్కసారికి, ఈ ఒక్కసారికి అనుకుంటూనే పరిగెత్తాను.

ఇసుక మేట పక్కన, నది వైపు గట్టు మీద బిందు కూర్చుని ఉంది. కాళ్ళు ఊపుకుంటూ, నీళ్ళకేసి చూస్తూ. ఏడవడం లేదు. నేను వెళ్ళి పట్టుకుని, వాటేసుకుని, భయం కొద్దీ ఒక్కటిచ్చాను కూడా. అది ఆశ్చర్యంగా నా మొహంలోకి చూసింది.

"నువ్వే కదా పెద్దమ్మా, దా, ఇక్కడ కూర్చుందాం అన్నావు? ఇప్పటిదాకా నా పక్కనే ఉన్నావుగా. ఇప్పుడే నీళ్ళలోకి దిగావు. నన్ను కూడా రమ్మన్నావు. పెదనాన్న పిలుస్తుంటే ఆగాను."

అప్పుడు చూశాను. పిల్ల జుట్టు నున్నగా దువ్వి, పాపిడి తీసి, రెండు జడలు వేసి ఉంది. చివర్లు పచ్చి అరటినారతో ముడేసి ఉన్నాయి. మా ఆయన కూడా చూశాడు. ఆయనే ఆ ముళ్ళు విప్పి, నారని దూరంగా విసిరేశాడు.

నది దాటేదాకా బిందుని ఒళ్ళో పెట్టుకుని నా చున్నీతో నా నడుముకి కట్టేసుకున్నాను. చూసినవాళ్ళు నవ్వితే నవ్వారు.

తర్వాత చాలా ఆలోచించాను. పిల్ల కథ అల్లిందనుకుందాం. దానికి తన జడ తను వేసుకోవడం రాదు. ఎవరో కూలికొచ్చిన ఆడమనిషి ముచ్చటపడి వేసిందనుకుందాం. మరి ఆ మనిషి నాలా ఎందుకుంది? నా నడుము పట్టుకుని రేవు దాకా వచ్చిందెవరు? మా ఆయన ఇంకోసారి వెళ్ళి రత్తమ్మని అడిగాడు. "మా పెద్దోళ్ళు పెట్టమన్నారు, పెడతన్నాం బాబూ" అందట. అంతకంటే చెప్పలేదు, తెలియకనో, చెప్పడం ఇష్టం లేకనో.

మా చెల్లెలికి ఈ సంగతి చెప్పలేదు. కోతలయ్యాక వచ్చి పిల్లని తీసుకెళ్ళింది. మొన్న బిందు ఫోన్‌లో నాతో గుసగుసగా మాట్లాడింది. "పెద్దమ్మా, మళ్ళీ ఆ లంకకి ఎప్పుడు తీసుకెళ్తావు?"

ఎందుకే అన్నాను.

"అక్కడ నువ్వు నన్ను ఒక్కసారి కూడా తిట్టలేదుగా" అంది.

ఎండాకాలం సెలవులకి బిందుని పంపించనా అని చెల్లెలు అడుగుతోంది. మా ఇంట్లో ఆ పిల్ల లేని సెలవులు ఇంతవరకూ లేవు. ఈసారి వద్దన్నాను. ఎందుకక్కా, నేనేం చేశాను అని అది ఏడుస్తుంటే, ఫోన్ పెట్టేశాను.