మెడ లేని బండి

రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన మరుసటి వేసవిలో నన్ను మార్కాపురం సెక్షనుకు ఓవర్సీరుగా వేశారు. అప్పట్లో ఆ తాలూకా కర్నూలు జిల్లాలో ఉండేది. రోడ్లు, కల్వర్టులు, తాగునీటి బావులు నా పరిధి. పై అధికారి అసిస్టెంటు ఇంజనీరు. పని బాగా జరిగితే పేరు ఆయనకు, చెడితే సంజాయిషీ నాకు.

చేరిన కొత్తలోనే కొనకనమిట్ల వైపు ఒక పల్లె నుంచి కబురు వచ్చింది. ఊరికున్న ఒక్క మంచినీళ్ల బావిని లోతు చేస్తుంటే ఊట తగిలిందట. సంతోషించాల్సిందే గాని, నీళ్లు నిలిచి మట్టి గోడ నానిపోతోంది. సాయంత్రంలోగా నీళ్లు తోడి దన్ను కట్టకపోతే గోడ కూలి బావి పూడిపోతుంది. ఇక వర్షాలు పడేదాకా ఊరంతా చెలమల నీళ్లే తాగాలి.

నీళ్లు తోడే ఆయిల్ ఇంజను మా షెడ్డులో ఉంది. కానీ దన్నుకు కావలసిన దుంగలు, పైపులు, కూలీలతోనే లారీ నిండిపోయింది. ఇంజనుకు ట్రైలరు అద్దెకు తీసుకోక తప్పలేదు. మార్కాపురంలో అది ఖాదర్ సాహెబు దగ్గరే ఉండేది. మిలటరీ వాళ్లు అమ్మేసిన రెండు చక్రాల ట్రైలరును ఆయన కొని బడి పలకల రవాణాకు తిప్పేవాడు. కొక్కెంతో పాటు తన గొలుసు కూడా కట్టాలని, తాను వెంట రావాలని షరతు పెట్టాడు. కొక్కెం ఉండగా గొలుసెందుకని మా డ్రైవరు నవ్వాడు.

"కొక్కెం మీ లారీది సారూ, గొలుసు నాది. నాదాన్ని నమ్ముకుంటా," అన్నాడు ఖాదర్.

నేను ఆఫీసులో అనుమతి రాయించుకుని వచ్చేసరికి ఇంజను ఎక్కించి మోకులు బిగించేశారు. మోకులు లాగి చూశాను, గట్టిగానే ఉన్నాయి. బయలుదేరాం.

ఊరు దాటిన కాసేపటికే ట్రైలరు అటూ ఇటూ తోక ఊపడం మొదలుపెట్టింది. వాగులోకి దిగే వాలు మీద ఆ ఊపు లారీని కూడా పట్టుకుంది. బ్రేకు గట్టిగా తొక్కవద్దని డ్రైవరుతో చెబుతూనే ఉన్నాను, వెనక ఫెళ్లుమంది. ట్రైలరు నొగ, అంటే లారీకి తగిలించే ముందు కడ్డీ, కొక్కెంలోంచి ఎగిరి పైకి లేచింది, తోక నేలను దున్నుకుంటూ వచ్చింది. గొలుసు ఒక్కటే దాన్ని పట్టి ఆపింది. దిగి చూస్తే ట్రైలరు చక్రానికి రోడ్డు అంచు బెత్తెడు దూరంలో ఉంది.

చూడగానే కారణం తెలిసింది. ఇంజనంతా ఇరుసుకు వెనక ఉంది. కూలీల మేస్త్రి ఓబయ్యను అడిగితే, తప్పేముందన్నట్టు చూశాడు.

"ముందర బరువు పెడితే కాడి మెడ మీద పడతాది గదా సామీ. ఎద్దులు సచ్చిపోవూ?"

ఎద్దులకు అది ధర్మమే. ట్రైలరుకు మాత్రం బరువు కాస్త ముందుకే ఉండాలి, లేకపోతే నొగ తేలిపోతుంది. లారీకి మెడ లేదయ్యా అన్నాను. ఓబయ్య ఆలోచించాడు.

"అట్లయితే దానికి నొప్పి పుట్టేది మనకెట్ల తెలుస్తాది?"

పొద్దు వాలుతోంది. వెనక్కి వెళ్లి ఎద్దుబండి తెస్తే బావి దక్కదు. ఇంజనును అక్కడే ముందుకు జరపాలని నిర్ణయించాను. చక్రాలకు రాళ్లు వేయించాను. బరువు ఇరుసు దాటిన క్షణంలో నొగ ఒక్కసారిగా కింద పడుతుంది, కింద మనిషి ఉంటే అంతే. అందుకని నొగ కింద రాళ్లు పేర్పించి, అందరినీ పక్కకు రమ్మన్నాను. నలుగురు వెనక నుంచి మోకులు పట్టి కొద్దికొద్దిగా వదులుతుంటే, ఓబయ్య గడ్డపారతో పక్క నుంచి ఇంజనును నెట్టాడు. ఖాదర్ పెదవులు కదుపుతూ నిలబడ్డాడు. నొగ దబ్బున రాళ్ల మీద పడింది. ఎవరి వేలూ నలగలేదు. నొగను మళ్లీ కొక్కేనికి తగిలించి, గొలుసు బిగించి బయలుదేరాం.

మేం చేరేసరికి బావిలో ఒక పక్క గోడ పెళ్ల విరిగి పడి ఉంది. ఇంజను నీళ్లు తోడి, దన్ను కట్టాక మిగతాది నిలిచింది. ఊరివాళ్లు ఆ ఏడాది బావి నీళ్లే తాగారు.

ఆ తర్వాత సర్వీసు పూర్తయ్యేదాకా బండి అద్దెకు తీసుకున్న ప్రతిసారీ, మోకులు చూసే ముందు, బరువెత్తే కూలీలు అంతకుముందు ఏ బండికి ఎత్తేవాళ్లో అడిగేవాణ్ణి. చేతులు పాత బండి లెక్కనే ఎత్తుతాయి. ఎద్దయితే మూలిగి చెబుతుంది. లారీ చెప్పదు, అడగాల్సింది మనమే.