మూడు పేజీల్లో లేని మామయ్య

చావు జరిగిన ఇంటికి వెళ్ళకుండా తప్పించుకోవడానికి మీరు ఆఖరిసారి ఏ సిద్ధాంతాన్ని అడ్డం పెట్టుకున్నారు? నేను హేతువాదాన్ని పెట్టుకున్నాను.

తుఫాను కోనసీమ కొబ్బరితోటల్ని పడగొట్టిన మరుసటి ఏడాది, సఖినేటిపల్లి నుంచి హైదరాబాదుకు నాకొక పోస్టుకార్డు వచ్చింది. మా నాన్నకు పెదనాన్న కూతురు, నాకు అత్త వరస అయిన ఆవిడ భర్త పోయాడు. పదకొండో రోజు కర్మకు రమ్మని రాశారు. చావు కబురు కార్డు చదవగానే చింపేయడం మావాళ్ళ ఆచారం. నేను చింపలేదు. ఆచారాన్ని ధిక్కరించానన్న గర్వంతో ఫైల్లో దాచుకున్నాను. కర్మకు మాత్రం వెళ్ళలేదు. మూడు పేజీల ఉత్తరం రాశాను. పిండం కాకి తింటే పోయినవాడి ఆకలి ఎలా తీరుతుందని అడిగాను. చావు ఇంటికి వచ్చినవాళ్ళని ‘రండి’ అనకూడదు, వాళ్ళు ‘వెళ్ళొస్తాం’ అని చెప్పకూడదు అన్న నియమాన్ని ఎగతాళి చేశాను. ఆ మాటలంటే చావు దారి గుర్తుపెట్టుకుని మళ్ళీ వస్తుందా అని నిలదీశాను. పోస్టు చేసేముందు ఇద్దరు మిత్రులకు చదివి వినిపించి మెప్పు కూడా పొందాను.

పోయిన ఆ మామయ్య ఎవరో చెప్పాలి. తొంభైల మొదట్లో రాజోలులో మూఢనమ్మకాల మీద చర్చాసభ పెట్టాం. నా ఉపన్యాసం సగంలో ఉండగా కుర్చీలు లేచాయి. వెనక వరసలో తువ్వాలు భుజాన వేసుకుని కూర్చున్న మామయ్య జనాన్ని తోసుకుంటూ వచ్చి, నా రెక్క పట్టుకుని బయటికి లాక్కెళ్ళి, సైకిలు వెనక ఎక్కించుకుని ఇంటికి తీసుకుపోయాడు. ఆయన రోజూ పూజ చేసుకునే మనిషి. అన్నం ముందు కూర్చున్నాక అన్నాడు: “నువ్వు చెప్పిందాంట్లో నాకు ఒక్క ముక్క నచ్చలేదు అల్లుడూ. అయినా మనిషి మాట్లాడతంటే కుర్చీలిసరడమేంటి? తిను.”

ఆయన పోయిన రెండేళ్ళకు అత్త కూతురి పెళ్ళయింది. నాకు శుభలేఖ రాలేదు. భక్తుల సంస్కారం ఇంతేనని మా ఆవిడ దగ్గర ఎగిరాను. ఇక నేనూ వాళ్ళ ఊసెత్తలేదు.

రెండువేలు దాటాక ఒక వేసవిలో మా ఆవిడే పట్టుబట్టింది. “సభల్లో మనుషులందరూ ఒకటే అంటారు. మీ మనుషుల్లో సగంమంది మొహాలు నేనింతవరకు చూళ్ళేదు.” స్నేహితుడి కారు అడిగి తీసుకుని తెల్లారకముందే బయలుదేరాం. రావులపాలెం దగ్గర హైవే దిగి కొత్తపేట చేరేసరికి మధ్యాహ్నం దాటింది. అక్కడ నాన్నకు చిన్నాన్న వరస అయిన తాతయ్య అరుగు మీద ఉన్నాడు.

“రండి రండి! ఏమండోయ్ హేతువాదిగారూ, దేవుడు లేడన్నారు, సరే. చుట్టాలు కూడా లేరని ఎవరు చెప్పేరండీ తమకి?”

మా ఆవిడ పకపకా నవ్వింది.

“ఆయ్, నవ్వండమ్మా. మీరు లాక్కొచ్చేరు గనక దొరికేడు.”

కొబ్బరినీళ్ళు తాగుతుండగా, రేపు సఖినేటిపల్లి వెళ్తున్నామని చెప్పి, పెళ్ళికి పిలవని సంగతి కూడా కలిపాను. తాతయ్య నవ్వు ఆగిపోయింది.

“మామయ్య పోతే పలకరింపుకి రానోడివి, నిన్ను పెళ్ళికెలా పిలుస్తార్రా? అది అరిష్టం గదా వాళ్ళకి. నువ్వొచ్చి ఒక్కసారి పలకరిస్తే చాలని చూసింది మీ అత్త. నీ పేరు రాసిన శుభలేఖ పెట్లోనే ఉండిపోయింది. నాకు చూపించింది.”

మర్నాడు అమలాపురం, నగరం, రాజోలు మీదుగా కాలవల పక్కనే బండి నడిపాను. దారి పొడుగునా నా తరఫు వాదన తయారుచేసుకుంటూనే ఉన్నాను. ఏడేళ్ళ తర్వాతైనా అత్త గుమ్మంలోకి రానిస్తుందా అన్నదే నా భయం.

అత్త వరండాలో కొబ్బరాకు చీరి చీపురుపుల్లలు తీస్తోంది. కారు చూసి లేచింది. నన్ను గుర్తుపట్టింది. కానీ ‘రండి’ అనలేదు. లోపలికి వెళ్ళి చాప తెచ్చి పరిచింది.

“బాగున్నారాండీ అత్తయ్యగారూ?” అంది మా ఆవిడ.

“ఆయ్, ఉన్నానమ్మా. కూర్చోండి. రమ్మనలేదని ఏమీ అనుకోకు. పలకరింపుకొచ్చినోళ్ళని రమ్మనకూడదు.”

ఆవిడ దృష్టిలో నేనింకా ఆ కర్మకు వస్తూనే ఉన్నాను.

నా ఉత్తరం అందిందా అని అడిగాను. ఇంత సిగ్గుమాలిన ప్రశ్న నేను ఏ సభలోనూ వేయలేదు.

“అందింది నాయనా. మూడు పేజీలు. రెండుసార్లు చదివేను. కాకి గురించి బాగానే రాసేవు. నాకూ అనుమానమేలే, దానికేం తెలుసు.” చిన్నగా నవ్వింది. “మీ మామయ్య గురించి ఏదన్నా రాసేవేమోనని కాగితాలు వెనక్కి తిప్పి కూడా చూసేను. ఎక్కడా లేదేంటి?”

ఆవిడ మళ్ళీ కొబ్బరాకు చేతిలోకి తీసుకుంది.

“కర్మ రోజు మూడుసార్లు రేవుకి మనిషిని పంపేను. నర్సాపురంలో రైలు దిగి పంటు మీద గోదారి దాటి వస్తావని. మా అల్లుడు దేవుణ్ణి నమ్మడు గానీ మనుషుల్ని నమ్ముతాడని అందరికీ చెప్పేవోరు మీ మామయ్య.”

అప్పుడు చెప్పాను, రాజోలు సంగతి. కుర్చీలు, సైకిలు, ఒక్క ముక్క నచ్చలేదన్న మాట. ఏడేళ్ళు ఆలస్యంగా, చాప మీద కూర్చుని, తల వంచుకుని. ఆవిడ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని విన్నది. అన్నం పెట్టింది, తిన్నాం.

లేచినప్పుడు మా ఆవిడ అలవాటుగా ‘వెళ్ళొ...’ అనబోయింది. నేను చెయ్యి నొక్కాను. ఆ మాటంటే చావు వస్తుందని ఇప్పటికీ నేను నమ్మను. కానీ నేను ఎగతాళి చేసిన ఆ నియమాన్ని ఆవిడ ఏడేళ్ళు నాకోసం పట్టుకుని కూర్చుంది. దాన్ని ఆవిడ గుమ్మంలో ఇంకోసారి తొక్కే హక్కు నాకు లేదు. చెప్పకుండానే కారెక్కాం. బండి కదిలాక వెనక నుంచి కేక వినిపించింది.

“అమ్మాయ్! ఈసారొస్తే రమ్మంటాను. వాణ్ణి కూడా తీసుకురా!”

రేవులో కారుని పంటు మీదికి ఎక్కించాం. అవతల నర్సాపురం వచ్చేవరకు నేను మా ఆవిడ మొహం చూడలేకపోయాను. కాకి మీద నా ప్రశ్న సరైనదే. కానీ సెలవు పెట్టి రైలెక్కలేని బద్ధకానికీ, ఏడ్చే మనిషి ఎదుట మాటల్లేక నిలబడాల్సి వస్తుందన్న పిరికితనానికీ నేను ఆ ప్రశ్నను ముసుగుగా వాడుకున్నాను. వాదంలో నేను గెలవలేదు. అసలు అవతల ఎవరూ వాదించలేదు. ఒకావిడ రేవు వైపు చూస్తూ కూర్చుంది, అంతే.

మీరూ ఒక ఇంటికి వెళ్ళలేదు. ఏ ఇల్లో మీకు తెలుసు. పుస్తకం మూసి బయలుదేరండి. ఉత్తరం రాయకండి, ఫోను చేయకండి, వెళ్ళండి. వెళ్ళి, పోయిన మనిషి గురించి మీకు గుర్తున్నది ముందు చెప్పండి.