ఒకటో ఛానల్ టీచరమ్మది

ఇరుగుపొరుగు ఇళ్లు వైఫై ఛానళ్లను, అంటే సిగ్నల్ నడిచే దారులను, గొడవ లేకుండా ఎలా పంచుకోవాలన్నది నా పీహెచ్‌డీ విషయం. ఎవరి లాభం వారు చూసుకుంటూనే, మాట తప్పితే తమకే నష్టమయ్యే ఒప్పందానికి ఎలా చేరతారో గేమ్ థియరీ లెక్క కట్టి చూపిస్తుంది. చిలకలగూడలోని మా అపార్ట్‌మెంట్‌లో మాత్రం ఆ లెక్క పనిచేయలేదు.

మా దగ్గర ఎవరి వైఫై మొరాయించినా కేబుల్ అతన్ని పిలిచి, "మేడమ్ ఇంట్ల ఏ నంబరు పెట్టిన్రో మాకు సుత అదే పెట్టు" అనేవారు. చదువుకున్నదాన్నని నామీద అంత నమ్మకం. అట్లా పది ఇళ్లూ నా పదకొండో ఛానల్ మీదకే వచ్చిపడ్డాయి. పదిమంది ఒకే గదిలో ఒకేసారి మాట్లాడితే ఎట్లా ఉంటుందో అట్లా అయింది. నాకసలే ముక్కుమీద కోపం. మెట్లమీద ఇద్దరు ముగ్గురిని కసిరాను కూడా.

అందరికంటే ఎక్కువ ఇబ్బంది మా కింది ఫ్లాట్ టీచరమ్మది. ఆమె పనిచేసే స్కూలు మూతపడింది. ఆన్‌లైన్‌లో ఇంగ్లిష్ చెప్పే ఉద్యోగం కోసం శుక్రవారం నాలుగింటికి డెమో క్లాసు ఇవ్వాలి.

"మధ్యల ఆగితే తీసుకోరంట మేడమ్. జెర చూడుండ్రి" అంది.

జాలేసింది. ఆదివారం అందరినీ టెర్రస్ మీద కూర్చోబెట్టి, ఒకదానికొకటి అడ్డురాని ఛానళ్లు ఒకటి, ఆరు, పదకొండు మాత్రమేనని చెప్పాను. ఫోన్లోనే ఎలా మార్చుకోవాలో నేర్పాను. ఆరు, పదకొండు మేమందరం పంచుకున్నాం. శుక్రవారం అయ్యేదాకా ఒకటో నంబరు టీచరమ్మ ఒక్కదానికే, ఎవరూ ముట్టుకోవద్దన్నాను. గురువారం దాకా నిజంగానే ఎవరూ ముట్టుకోలేదు.

శుక్రవారం మధ్యాహ్నం మా గైడ్ ఫోన్ చేసి, నాలుగింటికి ఆన్‌లైన్‌లో పెద్ద ప్రొఫెసర్లకు నా పరిశోధన వివరించమన్నారు. మొదలుపెట్టగానే బొమ్మ ఆగిపోయింది. పెద్దవాళ్ల ముందు పరువు పోతుందని భయపడ్డాను. పది నిమిషాలే కదా అనుకుని ఒకటో ఛానల్‌కు మారిపోయాను. ఇంతలో ఎదురింటామె తలుపు తట్టి, "మీది మంచిగొస్తున్నదా? ఏ నంబరు?" అంటే, ఆమెను వదిలించుకునే తొందరలో చెప్పేశాను. ఆమె మార్చుకుని, పక్కింటికీ చెప్పింది. నా పది నిమిషాలు గంటయ్యాయి. ఆ గంటసేపూ నేను వివరించింది, ఎవరూ మాట తప్పని ఒప్పందం గురించే.

ఆరింటికి టీచరమ్మ పైకొచ్చింది.

"క్లాసు నాలుగుసార్లు ఆగింది మేడమ్. వద్దన్నరు. నా ఫోను పాతది, దాంతోనే పరేషాన్. మీరైతే మస్తు కష్టపడ్డరు."

సిగ్గుతో చచ్చిపోయాను. జరిగిందంతా చెప్పేశాను. ఆమె ముఖం చిన్నబోయింది.

"మరి మీ మీటింగన్న మంచిగయిందా మేడమ్?" అంది.

ఎత్తిపొడుపేమోనని ఆమె ముఖంలోకి చూశాను. కాదు, నిజంగానే అడుగుతోంది.

"అయింది" అన్నాను.