దానంతటదే లేచిన మిషను

ఎమ్మిగనూరులో ఆదోని రోడ్డు మీద బోరు మోటార్లకు వైండింగు చేసే పెద్దయ్యకు కరెంటు మీద ఉన్నంత కోపం పగవాడి మీద కూడా లేదు. కరెంటుతోనే బతుకుతాడు, పొద్దున లేస్తే కరెంటునే తిడతాడు. అన్నం పెట్టేదాన్ని తిట్టకూడదని భార్య ఈరమ్మ ఒకసారి అంటే, "అన్నం పెట్టింది, తమ్ముణ్ని మింగింది. సరిపాయ కదా?" అన్నాడు.

తమ్ముడి పేరు ఉరుకుందు. సి.బెళగల్ దగ్గరి పల్లెలో అన్నదమ్ములకు కలిపి ఒక చెక్క పొలం, ఒక బోరు ఉండేవి. పొలాలకు కరెంటు ఎప్పుడిస్తారో ఇచ్చేవాళ్లకే తెలియని రోజులవి. నడిరాత్రి ఇస్తే రైతు నడిరాత్రి లేవాల్సిందే. అలాగే లేచి, వానకు తడిసిన పొలంలో వట్టి కాళ్లతో నడిచి వెళ్లి, ఉరుకుందు స్టార్టరు డబ్బా మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి మళ్లీ ఊడి రాలేదు. తర్వాత విచారణకని వచ్చినవాళ్లు ఎవరినీ ఏమీ అడగలేదు, 'అజాగ్రత్త' అని రాసుకుని పోయారు. ఆ మాట పెద్దయ్య కడుపులో ఈనాటికీ మండుతూనే ఉంది. పాములనూ తేళ్లనూ దాటుకుని చేను తడపడానికి పోయినవాడిది అజాగ్రత్త అట! వేళాపాళా లేకుండా కరెంటు వదిలినవాడిది మాత్రం జాగ్రత్త!

ఆ కోపంతోనే పెద్దయ్య మోటార్ల పని నేర్చుకున్నాడు. నేర్చుకున్నాక తనకు తానే ఒక కట్టుబాటు పెట్టుకున్నాడు. తన చేతికొచ్చిన ఏ మోటారూ ఆటో స్టార్టరు లేకుండా తిరిగి పొలానికి పోకూడదు. కరెంటు రాగానే మోటారు దానంతటదే లేవాలి, రైతు ఇంట్లో పడుకోవాలి. వద్దన్న రైతుతో కొట్లాడేవాడు. "నీ పెండ్లాము తాళి నీకు బరువైందా?" అని మొహం మీదే అడిగేవాడు. నోటి దురుసు మనిషే. కానీ ఆ చుట్టుపక్కల ఎందరు రైతులు ఆ నోటి వల్ల బతికి బట్టకట్టారో!

ఆయన కూతురు సంతోషి ఆదోనిలో డిగ్రీ చదివి, ఇంటి నుంచే ఒక పత్తి జిన్నింగు మిల్లుకు కంప్యూటరు పని చేస్తుంది. పోయిన ఏడు నడింట్లో బియ్యం మూటల పక్కన చిన్న పెట్టె ఒకటి పెట్టింది. క్రిప్టో నాణేలకు స్టేకింగ్ నోడ్ అంది.

"ఏం సేస్తాది ఇది?" అని అడిగాడు పెద్దయ్య.

"సాచ్చి సంతకం పెడ్తాది నాయినా. ఈ నాణేలకు బ్యాంకు లేదు. దేశదేశాల్లో ఇట్లాంటి పెట్టెలే లెక్క సూసి, సరిగ్గా ఉండాదని సంతకాలు పెడ్తాయి. పెట్టేవాళ్లు ముందు సొంత నాణేలు జామీను కట్టాల. సక్కగా పెడితే ఇంత ముట్టజెప్తారు."

"మద్దెలో కరెంటు పోతే?"

"కొంచెం కోత పడ్తాది, అంతే. మల్ల లేస్తే సరిపోతాది. ఒకే లెక్కకు రెండు సంతకాలు పెడితేనే తంటా. దొంగ అని జామీను కోసి, బయటికి తోసేస్తారు. ఆ మచ్చ ఎప్పటికీ పోదు."

"తోసేసే ముందర పంచాయితీ పెడ్తారా?"

"పంచాయితీ లేదు, పెద్దమనిషీ లేడు. అంతా దానంతటదే."

'దానంతటదే' అన్నది పెద్దయ్యకు ప్రాణమైన మాట. అందుకే ఆ రోజు ఇంకేమీ అడగలేదు.

సంతోషి పని నికరంగా ఉండేసరికి, ఆదోనిలో తెలిసినవాళ్లు కొందరు తమ నాణేలు కూడా ఆమె పెట్టె పేరునే జామీను కట్టారు. వాళ్లలో ముందు నిలబడినవాడు సెల్‌ఫోన్ల అంగడి గోవిందన్న. నలుగురి నమ్మకం నెత్తిన పడింది కాబట్టి సంతోషి ఇంకో జాగ్రత్త చేసింది. స్నేహితురాలు అరుణ ఇంట్లో, ఆదోనిలో, అలాంటిదే రెండో పెట్టె పెట్టింది. సంతకం పెట్టే రహస్య తాళం రెండింటికీ ఒకటే, సంతకమూ ఒకటే. ఎమ్మిగనూరులో కరెంటు పోయి బ్యాటరీ కూడా అయిపోతే అరుణ అక్కడిది లేపుతుంది. అక్కడిది ఆపాకే ఇక్కడిది లేపాలి. అందుకని ఇంట్లో పెట్టె, కరెంటు వచ్చినా మనిషి వేలు పెట్టి మీట నొక్కేదాకా లేవకుండా ఏర్పాటు చేసుకుంది. అరుణ ఇంటి పెట్టె సంగతి తండ్రికి చెప్పాలని ఆమెకు తోచలేదు.

పెద్దయ్య కళ్లకు కనబడింది మాత్రం కరెంటు వచ్చినా లేవని మిషను. ఎమ్మిగనూరంతా నవ్వదా, ఆటో స్టార్టర్ల పెద్దయ్య ఇంట్లోనే వేలు పెట్టి నొక్కే మిషను ఉందంటే? ఒకరోజు బిడ్డ బయటికి పోగానే పెట్టె మూత విప్పాడు. మీట నుంచి వచ్చే రెండు తీగలు పట్టుకుని, వాటికి చిన్న రిలే కట్టాడు. కరెంటు రాగానే వేలు పెట్టినట్టే అది మీటను నొక్కుతుంది. మూత బిగించి, ఎవరికీ చెప్పలేదు. బిడ్డ చూసి మురిసిపోవాలని ఆయన ఆశ.

ఆ వారమే గాలీవానా వచ్చి స్తంభాలు ఒరిగాయి. బ్యాటరీ అయిపోయింది. సంతోషి అరుణకు ఫోన్ చేసి, అక్కడి పెట్టె లేచిందని తెలుసుకుని, కూరగాయలకని మార్కెట్టుకు పోయింది. మధ్యాహ్నం కరెంటు వచ్చింది. నడింట్లో పెట్టె గుయ్యిమంటూ లేచింది. "సూసినావా, ఎట్ల లేచిందో!" అని పెద్దయ్య ఈరమ్మకు గర్వంగా చూపించాడు.

సంతోషి గుమ్మంలోకి వచ్చేసరికే ఆమె ఫోన్లో ఎర్ర అక్షరాలు పడ్డాయి. ఒకే తాళంతో ఎమ్మిగనూరులో ఒక సంతకం, ఆదోనిలో ఒక సంతకం. ఒకే బోరులో రెండు మోటార్లు దించినట్టయింది. జామీను కోసేశారు. ఆమెదే కాదు, ఆమెను నమ్మినవాళ్లది కూడా. ఆమె తాళం మీద దొంగ అనే ముద్ర పడింది.

అరుణ ఇంటి పెట్టె సంగతి బిడ్డ చెప్పాక, పెద్దయ్య తను కట్టిన రిలే సంగతి చెప్పి మొదట తల పట్టుకున్నాడు. తర్వాత రేగిపోయాడు.

"ఆ ఆఫీసు యాడుండాదో సెప్పు. నేను పోయి నేనే కట్టినానని సెప్తా."

"ఆఫీసు లేదు నాయినా."

"ఫోను?"

"లేదు."

"దొంగను పట్టిన పోలీసు గూడా ఒక దెబ్బ ఏసి, ఎందుకు సేసినావురా అని అడుగుతాడే! ఇది అడగనే అడగదా? రెండు పెట్టెలు పెట్టుకున్నోడు దొంగట! రెప్ప కొట్టకుండా కరెంటు ఉండే ఊర్లో కూచ్చోని రాసినారు ఈ రూలు. మన ఊర్లో రెండు పెట్టుకునేది జాగ్రత్త!"

సంతోషి జరిగింది జరిగినట్టు జామీను కట్టినవాళ్లందరి ఫోను గ్రూపులో రాసింది. కొత్త తాళంతో మళ్లీ మొదలుపెడతానని, పోయినది కొంచెం కొంచెంగా పూడుస్తానని కూడా రాసింది. గోవిందన్న జవాబిచ్చాడు: 'నమ్మించి గొంతు కోసింది. మోటార్ల కట్టుకథ చెబుతోంది. ఇది దొంగ, ఎవరూ నమ్మకండి.' సంతోషి కంచం ముందు కూర్చుని, "నాణేలు పోతే మల్ల వస్తాయి నాయినా. నా పేరు పోయింది" అని ఏడ్చింది.

పెద్దయ్య ఇంక ఆగలేదు. మరునాడు పొద్దున్నే ఆదోని బస్సెక్కాడు. ఏం గొడవ తెస్తాడోనని సంతోషి కూడా వెంట బయల్దేరింది.

గోవిందన్న అంగడి నిండా జనం ఉన్నారు. పెద్దయ్య అందరి ముందే, "నా బిడ్డ దొంగ కాదప్పా గోవిందన్నా. రిలే కట్టింది నేను. తిట్టేదుంటే నన్ను తిట్టు" అన్నాడు.

గోవిందన్న కుర్చీలోంచి లేవలేదు. "నీ మాట ఎవరికి కావల్ల పెద్దయ్యన్నా? ఈడ ఒక సంతకం, ఆడ ఒక సంతకం. సాచ్చెం ఉండాది. మిషను దానంతటదే లేచిందంటే సిన్నపిల్లోడు గూడా నమ్మడు."

అంతలో బల్ల మీదున్న గోవిందన్న ఫోను మోగింది. చేతులు ఖాళీ లేక స్పీకరు నొక్కాడు. ఫోనులోంచి ఒక ఆడగొంతు తీరిగ్గా పలికింది. "మీ మోటారు ఆన్ అయినది."

కైరుప్పలలో గోవిందన్న పొలం ఉంది. ఆ పొలంలో బోరు ఉంది. ఆ బోరుకు ఆటో స్టార్టరు కట్టింది, కరెంటు వస్తే ఫోను చేసేటట్టు పెట్టింది పెద్దయ్యే.

"ఇప్పుడు సెప్పు" అన్నాడు పెద్దయ్య. "నువ్వు ఈడ కూచ్చోనుండావు. నీ మోటారు ఆడ తిరుగుతాంది. ఎవరు ఏసినారు? నువ్వు దొంగవా? మీ నాయిన రేత్రిపూట పొలానికి పోకుండా ఉండాలని ఆ డబ్బా కట్టించుకుంటివే. నా తమ్ముడు సచ్చినాడని సెప్తే కండ్లనీళ్లు పెట్టుకుంటివే. అదే డబ్బా నా ఇంట్లో కడితే కట్టుకథ అయిపాయనా?"

ఎవరో కిసుక్కున నవ్వారు. గోవిందన్న మొహం మాడిపోయింది. ఫోను తీసుకుని గ్రూపులో తను రాసినది వెతకసాగాడు. ఏం చేయబోతున్నాడో సంతోషికి అర్థమైంది. అప్పటిదాకా తండ్రి చెయ్యి పట్టుకుని వెనక్కి లాగుతున్న పిల్ల ఒక్క అడుగు ముందుకు వేసింది.

"తుడిపేయొద్దన్నా. ఆ మిషనుకు సెవులు లేవు, అడగలేదు. దాన్ని ఏమనేది? నువ్వు మనిషివి. మా నాయిన పని తెలిసినోనివి. ఒక్క ఫోను సేసి, ఏమైందమ్మా అని అడిగినావా?"

"తప్పయిందిలే పాపా. తీసేస్తాండా కదా."

"నా మీద పడిన ముద్ర తుడిపితే పోదు. నీ మాట మాత్రం ఎందుకు పోవాల? అది అట్లే ఉండనీ. దాని కింద, తప్పు రాసినానని నువ్వే రాయి."

గోవిందన్న బొటనవేలితో మెల్లగా టైపు చేయడం మొదలుపెట్టాడు. పెద్దయ్య స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చున్నాడు.

"ఏం రాస్తాండావో గట్టిగా సదువప్పా" అన్నాడు. "దొంగ అన్నప్పుడు ఊరంతా ఇన్నారు. ఇది గూడా ఇననీ."