నాలుగో దారి, పదకొండో గేటు

పోస్టమ్మ రాసిన కార్డు నమ్ముకుని సైకిలెక్కిన పళ్ళ డాక్టరు సాయంత్రానికి తిరిగొచ్చేసరికి ఆయన నాలుక అంగిట్లో అతుక్కుపోయింది. పర్యాటక కార్యాలయంలో కౌంటరు మీద ఆ కార్డు పెట్టి వేలితో పొడిచి చూపించాడే తప్ప నోరు పెగల్లేదు. రెండు గ్లాసుల నీళ్ళు తాగాక మాత్రం ఆయన్ని ఆపడం ఎవరి తరమూ కాలేదు.

అది నాలుగో దారి కార్డు. ఆ దారి ఏటి ఒడ్డున మొదలై, ఇరుకు లోయ గోడ మీద పదిహేడు మలుపులు ఎక్కి, పైన బల్లపరుపుగా పరుచుకున్న సున్నపురాతి మైదానం దాటి, అవతలి లోయలోకి దిగుతుంది. మొత్తం నలభై రెండు కిలోమీటర్లు. అంత దారి గురించి పోస్టమ్మ రాసింది మూడే ముక్కలు: "దారి సులువు. నీళ్ళకి లోటు లేదు. ఆరో గేటు దగ్గర కుక్క అరుస్తుంది గాని కరవదు."

డాక్టరు ప్యాంటు కుడి కాలు మోకాలి దాకా చిరిగి ఉంది. ఆ కుక్క తరిమిన అర కిలోమీటరే ఆ రోజంతటిలో ఆయన వేగంగా తొక్కిన దూరమట.

పోస్టమ్మ ముప్పై ఒక్క ఏళ్ళు ఆ దారి మీదే ఉత్తరాలు పంచింది. ఎర్ర సైకిలు, వెనక సంచి, ఎండైనా వానైనా అదే దారి. ఆవిడ రిటైరయ్యాక ఉత్తరాలు వ్యానెక్కాయి. ఊళ్ళోకి సైకిళ్ళ మీద తిరిగేవాళ్ళు రావడం మొదలయ్యాక, దారుల గురించి కార్డులు రాయడానికి కార్యాలయం వాళ్ళు ఆవిడనే పిలిచారు. ఇక ఆ నాలుగో దారి కార్డు చూసుకుని ఆవిడ మురిసిపోయింది చూడండి! ఇంటికొచ్చినవాళ్ళకి ముందు కార్డు, తర్వాతే కాఫీ. చదవడం పూర్తయితేగాని చక్కెర పడేది కాదు.

డాక్టరు వచ్చి వెళ్ళిన మర్నాడు కార్యాలయం మేనేజరమ్మాయి ఆవిడని పిలిపించింది. ఈ పిల్ల వచ్చి ఏడాది కాలేదు, మాట మెత్తన, పని మాత్రం ఖచ్చితం.

"అమ్మా, వచ్చే నెల కార్డులన్నీ కలిపి పుస్తకం వేస్తున్నాం. నీళ్ళు దొరకని దారిని అందులో పెట్టలేను. నాలుగోది తీసేయాల్సి వస్తుందేమో."

"నీళ్ళు దొరక్కపోవడమేంటి? ముప్పై ఒక్క ఏళ్ళు నేనేం తాగాను, గాలా?" అని పోస్టమ్మ ఇంతెత్తున లేచింది. "పద, కళ్ళారా చూద్దువుగాని."

ఇద్దరూ బయల్దేరారు. మేనేజరమ్మాయిది బ్యాటరీ సైకిలు. తొమ్మిదో మలుపు దగ్గర బ్యాటరీ చేతులెత్తేసింది. పోస్టమ్మ మాత్రం ఊపిరి చెదరకుండా కబుర్లు చెబుతూనే ఉంది.

"మా పెద్దాడి నొప్పులు ఈ మలుపులోనే మొదలయ్యాయి. మిగతా ఉత్తరాలు ఇచ్చేసి వెళ్ళి కన్నాను."

"అందుకేనా సులువని రాశారు?" అంది ఆ అమ్మాయి హ్యాండిలు మీద వాలిపోయి.

"మరి కష్టమైతే సెలవు పెట్టేదాన్నిగా!"

పైన సంగతి వేరు. ఆ సున్నపురాతి మీద పడ్డ వాన పడ్డట్టే పగుళ్ళలోకి జారిపోయి, ఎక్కడో కింద లోయలో ఊటై తేలుతుంది. మైదానం మీద వాగూ లేదు, చెరువూ లేదు. దారి పొడుగునా పదకొండు ఇళ్ళు, పదకొండు గేట్లు. ఇళ్ళవాళ్ళు కప్పు మీద పడిన వాన నీటిని తొట్టెల్లో పట్టుకుని ఏడాదంతా పొదుపుగా వాడుకుంటారు.

మొదటి గేటు దగ్గర పోస్టమ్మ బెల్లు రెండుసార్లు మోగించింది. అది ఆవిడ పద్ధతి. ఉత్తరం ఉంటే రెండుసార్లు మోగించేది. లేకపోతే రాళ్ళ కుదుపుకి బెల్లు దానంతటదే మోగి ఎవరికీ లేనిపోని ఆశ పెట్టకుండా, దాని మీద అరచెయ్యి వేసి పట్టుకుని గేటు దాటేది. ఇప్పుడు ఉత్తరాల్లేకపోయినా తలుపు భళ్ళున తెరుచుకుంది. "అమ్మో, ఎన్నాళ్ళకి!" అంటూ కుర్చీ, నీళ్ళు. రెండో గేటులో నీళ్ళు, మూడో గేటులో మళ్ళీ నీళ్ళు. అయిదో గేటు దాటేసరికి మేనేజరమ్మాయి కడుపు తొణుకుతోంది.

"చూశావా?" అంది పోస్టమ్మ.

"చూశాను. ఈసారి మీరు గోడ చాటున ఆగండి. నేనొక్కదాన్నే వెళ్తాను."

ఆరో గేటు తేనెటీగలు పెంచే ఆవిడది. కుక్క మొరిగింది. మేనేజరమ్మాయి గేటు బయటినుంచే పిలిచింది. కిటికీ తెర ఇంత కదిలింది.

"ఏమండీ! కాసిని మంచినీళ్ళు!"

"ఇంట్లో ఎవరూ లేరు!" అంది లోపలినుంచి తేనెటీగలావిడ గొంతు.

పోస్టమ్మ గోడ చాటునుంచి ఇవతలికొచ్చింది. తలుపు తెరుచుకుంది. ఆ క్షణాన పోస్టమ్మ, తేనెటీగలావిడ ఇద్దరిలో ఎవరి ముఖం ఎక్కువ మాడిందో చెప్పడం కష్టం.

"అమ్మా, ఈ నీళ్ళు దారివి కావు, మీవి," అంది మేనేజరమ్మాయి తిరుగుదారిలో. "నెలాఖరు దాకా చూస్తాను. అన్ని గేట్ల దగ్గరా నీళ్ళుంటే దారి ఉంటుంది. ముఖ్యంగా చివరిది. అది దాటాక పద్నాలుగు కిలోమీటర్లు ఒక్క ఇల్లు లేదు."

పోస్టమ్మకి తల కొట్టేసినట్టయింది. ఆ దారి పుస్తకంలోంచి పోవడమంటే తన ముప్పై ఒక్క ఏళ్ళు చెత్తబుట్టలో పడ్డట్టే. రెండు రోజులు అన్నం ముందు కూర్చుని మెతుకులు కెలికింది. ఆవిడ మొగుడు, తాళాలు బాగుచేసేవాడు, ఆకురాయి పక్కన పెట్టి, "ఇన్నేళ్ళు ఊళ్ళోవాళ్ళందరివీ మోశావు. ఒక్కసారి నీ ఉత్తరం నువ్వు మోసుకుపో," అన్నాడు.

ఆ మాట మనసుకి పట్టింది. పోస్టమ్మ పది ఉత్తరాలు ఒకే మాదిరిగా రాసింది: "ఇన్నేళ్ళూ మీరు నాకు నీళ్ళిచ్చారు. అవి దారిలో ఉన్న నీళ్ళనుకుని కార్డులో రాసేశాను. తప్పు నాదే. సైకిళ్ళ మీద వచ్చేవాళ్ళకి గేటు బయట ఒక కుండ పెట్టగలరా?"

పదకొండో ఉత్తరం దగ్గర కలం ఆగిపోయింది. చివరి గేటాయన గొర్రెలు కాచుకుంటూ ఒంటరిగా ఉంటాడు. ముప్పై ఒక్క ఏళ్ళలో ఆయనకి ఒక్క ఉత్తరమూ రాలేదు. రోజూ పదింటికి గేటు మీద మోచేతులు ఆనించి నిలబడి ఆవిడనే గుడ్లప్పగించి చూసేవాడు. పలకరింపు లేదు, తల ఊపడం లేదు. వట్టి పొగరుబోతని ఈవిడ తీర్మానించేసింది. చివరికి "అయ్యా, మనకి పరిచయం లేదు" అని మొదలుపెట్టింది.

స్టాంపు లేనిది ఉత్తరం కాదు, చీటీ అని ఆవిడ నమ్మకం. అందుకని పదకొండింటికీ స్టాంపులు అంటించి, పోస్టాఫీసులో ముద్ర కొట్టించి, అవే సంచిలో వేసుకుని మళ్ళీ పదిహేడు మలుపులూ ఎక్కింది. పది గేట్ల దగ్గరా పని ఇట్టే అయిపోయింది. తేనెటీగలావిడ కుండతో పాటు బెంచీ కూడా వేస్తానంది, సిగ్గుకి.

చివరి గేటు దగ్గర ఆయన నిలబడే ఉన్నాడు. అలవాటు కొద్దీ ఆవిడ చెయ్యి బెల్లు మీదికి పోయింది. మళ్ళీ తీసి, రెండుసార్లు మోగించింది. ఆయన వెనక్కి తిరిగి చూశాడు, ఇంకెవరైనా ఉన్నారేమోనని.

"ఉత్తరం, పెద్దాయనా."

"నాకా? సరిగ్గా చూడు. నాకు రావు."

"మీకే. చివరి గేటని రాసి ఉంది."

ఆయన చేతులు పైజామాకి తుడుచుకుని అందుకున్నాడు. లోపలికెళ్ళి కళ్ళద్దాలు వెతికి తెచ్చుకోవడానికి పావుగంట. నిలబడే రెండుసార్లు చదివాడు.

"ఇన్నాళ్ళకి వచ్చింది, అందులోనూ నీళ్ళకోసమా," అని గొణిగాడు. తర్వాత, "దీనికి జవాబివ్వాలిగా. రేపు రా," అన్నాడు.

"జవాబక్కర్లేదు, కుండ పెడితే చాలు."

"ఉత్తరానికి జవాబివ్వకపోతే ఎలా?"

మర్నాడు వెళితే ఇంకా అవలేదన్నాడు. ఆ మర్నాడు పెన్నులో ఇంకు అయిపోయిందన్నాడు. పోస్టమ్మ మోకాళ్ళు మొదటిసారి ఆ దారి గురించి ఫిర్యాదు చేశాయి. మూడో రోజు కవరు చేతికొచ్చింది. పదో మలుపులో సైకిలాపి, రాతిమీద కూర్చుని చదివింది.

"అమ్మా, కుండ పెట్టాను. మీరు రోజూ నా గేటు దాటేటప్పుడు బెల్లు మీద చెయ్యి వేసేవారు. అది మర్యాదో పొగరో తేల్చుకోలేకపోయాను. దూరంనుంచి ఆ చెయ్యి కనబడగానే ఇవాళా లేదని తెలిసేది. ఆగి, 'ఏమీ లేదు' అని మీరు ఒక్కమాట అని ఉంటే, ఆ రోజుకి నాతో ఒక మనిషి మాట్లాడినట్టు ఉండేది."

పోస్టమ్మ ఆ కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది. నీళ్ళిచ్చిన పది గేట్లే తన దారనుకుంది. పదకొండోదాన్ని రోజూ చూస్తూ రోజూ దాటేసింది. సిగ్గుతో, దిగులుతో అక్కడే కూర్చుని కళ్ళు తుడుచుకుంది. ఈసారి మలుపులు దిగడానికి చాలాసేపు పట్టింది.

పుస్తకంలో నాలుగో దారి ఉంది. పోస్టమ్మ కార్డు మళ్ళీ రాసిచ్చింది: "దారి కష్టం, నాకు కాదు. నీళ్ళు పదకొండు గేట్ల దగ్గరా ఉంటాయి. ఆరో గేటు కుక్క కరుస్తుంది. చివరి గేటు దగ్గర పదింటికి మనిషి ఉంటాడు. బెల్లు రెండుసార్లు కొట్టి ఆగండి. ఇల్లు చేరాక ఆయనకి ఒక కార్డు ముక్క రాయండి."

చివరి గేటాయనకి మొదటి కార్డు పళ్ళ డాక్టరే రాశాడు. ఇంకో ప్యాంటు వేసుకుని మళ్ళీ వచ్చాడు మరి.

రెండు నెలలకి పోస్టు వ్యాను నడిపే అతను బజారులో పోస్టమ్మని పట్టుకున్నాడు. "నీ పుణ్యమా అని వారానికి మూడుసార్లు ఆ చివరిదాకా పోవాల్సి వస్తోంది, అక్కా!"

"హారన్ కొడుతున్నావా?"

"ఉత్తరం ఉంటే కొడుతున్నా."

"లేనిరోజు?"

"లేనిరోజు ఎందుకాగడం?"

"లేదని చెప్పడానికి," అంది పోస్టమ్మ.