క్రాప్ చేసిన రాయి

2022లో, వానలు తగ్గాక, ఇనుప గనుల ఊరైన కిరండూల్‌లోని నా ఫోటో స్టూడియోకి ఒక బోర్డు తగిలించాను. "ఆదివారం ల్యాండ్‌స్కేప్ క్లాసు. ఏ కెమెరా అయినా పర్వాలేదు. కెమెరా లేకపోయినా పర్వాలేదు." ల్యాండ్‌స్కేప్ అంటే కొండ, వాగు, పొలం, ఆకాశం లాంటి ఆరుబయటి దృశ్యాలను తీయడం.

ఆ బోర్డు పెట్టడానికి కారణం ఒక అవమానం. అంతకు పదకొండేళ్ల ముందు జగదల్‌పూర్‌లో ఒక కెమెరా సంఘం సమావేశానికి వెళ్లాను. నా దగ్గర ఉన్నది కెమెరాతో పాటు ఇచ్చే మామూలు లెన్సు. జేబుల కోటు వేసుకున్న పెద్దమనిషి ఒకాయన దాన్ని వేలితో తట్టి, "దీంతో పాస్‌పోర్టు ఫోటోలు బాగా వస్తాయి భయ్యా, కొండల జోలికి పోకు" అన్నాడు హిందీలో. అందరూ నవ్వారు. కుర్చీలు ఖాళీగా ఉన్నా కూర్చోమని ఒక్కరూ అనలేదు. టీ ట్రే నా ముందు నుంచే వెళ్లింది, ఆగలేదు. ఆ కోటు గోధుమరంగుది, ఎడమ మోచేతి దగ్గర చిన్న కుట్టు ఉంది. మరిచిపొమ్మని మా ఆవిడ ఇప్పటికీ చెబుతూనే ఉంటుంది. నేను మరిచిపోను. నా దగ్గరికి వచ్చే కొత్తవాళ్లు మాత్రం అలా నిలబడకూడదనుకున్నాను.

మొదటి ఆదివారం ఏడుగురు వచ్చారు. ఆరుగురు గని ఉద్యోగులు, వాళ్ల ఇళ్లవాళ్లు. ఏడో మనిషి బుధ్రి. బాచేలి దగ్గర ఒక ఆడపిల్లల హాస్టల్లో వంట చేస్తుంది. నలభై దాటి ఉంటాయి. పుట్టిల్లు తెలుగు సరిహద్దు దగ్గరి ఉసూర్ వైపు కాబట్టి తెలుగు బాగానే మాట్లాడుతుంది.

"కెమెరా లేకున్నా రావొచ్చని రాసినవంట గదా సారూ, నిజమేనా?"

"నిజమే. బోర్డు చదివావా?"

"నాకేడ వస్తది? మా హాస్టల్ పిల్లలు చదివి చెప్పిండ్రు."

స్టూడియోలో ఉన్న పాత చిన్న కెమెరా ఇచ్చాను. తొందరగా నేర్చుకుంది. మోచేతులు పక్కలకు ఆనించి కెమెరాను కదలకుండా, వాలకుండా పట్టుకోవాలని చెబితే, మిగతావాళ్లకు రెండు వారాలు పట్టింది. ఆమె మాత్రం, "గంజి ఒలకకుండ గుండిగ పట్టినట్టే గదా" అని వెంటనే పట్టేసింది. ఆ మాటను ఇప్పటికీ నా క్లాసులో వాడుతున్నాను. పొద్దున్నే పక్క నుంచి ఎండ పడేటప్పుడు తీయమని, అప్పుడు నీడలు పొడుగ్గా పడి నేల మిట్టపల్లాలు తెలుస్తాయని చెప్పాను. ఫోటోలో మనకు దగ్గరగా కనబడే ముందుభాగాన్ని ఫోర్‌గ్రౌండ్ అంటారని, అది చూపును దూరానికి తీసుకెళ్లాలి తప్ప అడ్డం పడకూడదని చెప్పాను.

నాలుగో ఆదివారం తన అత్తగారి ఊరి దారికి పోదామని బుధ్రి అడిగింది. పొద్దున్నే వెళ్లాం. గడ్డి మీద మంచు, వెనక బైలదిల్లా కొండల వరస. అందరూ తలో దిక్కూ తిరుగుతున్నారు. ఆమె ఒక్కచోటే నిలబడింది. చూస్తే, ఆమె ఫ్రేములో ఎడమ అంచున మనిషెత్తు బండరాయి ఒకటి నిలువుగా ఉంది. చనిపోయినవాళ్ల పేరున నిలబెట్టే రాళ్లు ఇక్కడి రోడ్ల పక్కన చాలా ఉంటాయి. ముప్పై ఏళ్లుగా బస్సు కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. ఈ రాయి మీద ఎవరో సున్నంతో పెద్ద గుర్తు గీశారు.

"ఆ రాయిని వదిలెయ్యమ్మా. ఇటు జరుగు. గడ్డి, మంచు, కొండ, అంతే చాలు."

"రాయి ఉండాలె సారూ."

"అది చూపుకు అడ్డం పడుతోంది. పైగా ఆ సున్నం ఒకటి."

"కొండ పక్కనే ఉండాలె. ఎంత ఎత్తుందో తెల్వాలె."

మా క్లాసులో ఉన్న గని ఉద్యోగి ఒకాయన నవ్వాడు. "మాస్టారూ, మీకే పాఠం చెబుతోందండీ!"

అది నాకు గుచ్చుకుంది. "సరే, నీ ఇష్టం" అని పక్కకు వచ్చేశాను.

నెల తర్వాత గని ఉద్యోగుల కాలనీ హాలులో మా క్లాసు ఫోటోలతో ప్రదర్శన పెట్టాం. మనిషికొకటి. నిజం చెప్పాలంటే అన్నింటిలోకీ బుధ్రి తీసిందే బాగుంది. నేను దాన్ని క్రాప్ చేశాను, అంటే కంప్యూటర్‌లో అంచు కోసేశాను. రాయి పోయింది. అసలు ఫోటో మీదే ఈ కొత్తదాన్ని సేవ్ చేశాను. కెమెరాలోని కార్డును ఎప్పటిలాగే, తీసిన మర్నాడు సోమవారమే ఫార్మాట్ చేసేశాను. ఫార్మాట్ అంటే పలక తుడిచినట్టు మొత్తం తుడిచేయడం.

ప్రదర్శన రోజున ముఖ్య అతిథి నా పేరు తప్పు పలికాడు, అది వేరే సంగతి. కానీ బుధ్రి ఫోటో ముందు చాలాసేపు నిలబడ్డాడు. గోధుమరంగు కోటాయన ఇక్కడ ఉంటే బాగుండేదనుకున్నాను. అప్పుడే బుధ్రి వచ్చింది, హాస్టల్ పిల్లలను వెంటబెట్టుకుని.

"రాయి ఏది సారూ?"

"తీసేశాను. ఇప్పుడు చూడు, ఎంత హాయిగా ఉందో. అందరూ మెచ్చుకుంటున్నారు."

"నేను తీసిన దాంట్ల ఉండె గదా."

"ఉండేది. క్రాప్ చేశాను."

"మల్ల పెట్టరాదు?"

"అది పోయిందమ్మా. వచ్చే ఆదివారం వెళ్లి మళ్లీ తీద్దాం."

"ఇంకేంది తీసేది? రోడ్డు పెద్దగ చేస్తుండ్రు గదా. వేరే తావుల పెడతమని మొన్న మిషనుతో లేపిండ్రు, రెండు ముక్కలైంది. ఆ సున్నం అందుకే గదా పెట్టింది." ఫోటోకేసి తిరిగి అంది. "మా ఇంటాయన రాయి సారూ అది."

భర్త జ్వరంతో పోయి ఆరేళ్లు. ఒక్క ఫోటో కూడా లేదు. పోయిన మనిషి సంతోషంగా ఉంటే అతని రాయి పెరుగుతుందని వాళ్ల ఊళ్లో అంటారట.

"పెరిగిందని మా అత్త అంటది. నాకైతే తెల్వలే. కొండ పక్కన పెట్టి తీసుకుంటే, కొత్త తావుల నిలబెట్టినంక ఎంతుండెనో, ఎంతయిందో చూస్కోవచ్చనుకున్న."

"ముందే చెప్పొచ్చు కదమ్మా" అన్నాను. అప్పుడు కూడా తప్పు ఆమెదే అన్నట్టు.

"నువ్వు అడగలే గదా సారూ."

కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే నేను దాన్ని కూడా గుర్తుపెట్టుకుని ఊరుకునేవాణ్నేమో.

చెరిగిపోయిన ఫోటోలు వెనక్కి తెచ్చే సాఫ్ట్‌వేర్ ఉంటుంది. ప్రయత్నించాను. కార్డును రైల్లో విశాఖపట్నం పంపించాను. ఫార్మాట్ చేసిన తర్వాత నాలుగు ఆదివారాలు అదే కార్డు మీద వేరే ఫోటోలు పడ్డాయి. ఏమీ మిగల్లేదు.

నాకు జరిగిన అవమానాలన్నీ వరసగా చెప్పగలను. నేను చేసింది ఆ వరసలో లేదు. క్లాసులో ఆరుగురిని 'మీరు' అనేవాణ్ని, ఆమెను 'నువ్వు' అనేవాణ్ని. అది కూడా ఆ రోజే తట్టింది. జగదల్‌పూర్ ఆయన నా లెన్సును చూసి నవ్వి ఊరుకున్నాడు. నేను ఆమె మొగుడి గుర్తును కోసి పారేసి, మిగిలిందానికి ఫ్రేము కట్టి, కింద ఆమె పేరు రాశాను.

వారం తర్వాత ఫోటో తీసుకెళ్లడానికి వచ్చింది. "ఇది వద్దులెండి" అన్నాను సిగ్గుతో. వినలేదు. కిటికీ వెలుగులో పట్టుకుని చూసి, ఎడమ అంచున వేలు పెట్టింది. గడ్డి మీద నల్లగా ఒక పట్టీ.

"పొద్దుగాల నీడలు పొడుగు పడతయని నువ్వే చెప్పినవ్ గదా. ఇది ఆ రాయిదే."

నిజమే. రాయి పోయింది గానీ దాని నీడ కొస ఫోటోలోనే ఉండిపోయింది. నా కంటికి ఆనలేదు. ఆమె వేళ్లతో కొలిచి చూసింది. జానెడు కూడా లేదు.

"నీడను బట్టి రాయి ఎత్తు చెప్పొచ్చునా సారూ?"

"మొదలు నుంచి కొస దాకా ఉంటే, ఎండను బట్టి కొంత చెప్పొచ్చు. మొదలు నేను కోసిన ముక్కలో పోయింది."

తల ఊపింది. ఫోటోను కొంగులో చుట్టుకుని వెళ్లిపోయింది. మళ్లీ క్లాసుకు రాలేదు.

బోర్డు ఇంకా ఉంది, కొత్తవాళ్లు వస్తూనే ఉన్నారు. వాళ్లు చూసి సరే అనేదాకా కార్డు తుడవను. ఫోర్‌గ్రౌండ్ గురించి నోరు విప్పేముందు, "ఇందులో మీకు కావల్సింది ఏది?" అని అడుగుతాను. అడిగి ఆగుతాను. కొందరికి చెప్పడానికి చాలాసేపు పడుతుంది.